చీకట్లో దాటిన ఓడ

అమలకు అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే. తమ్ముడు అంజన్ ఉన్న ఓడ ఫోనులో కనబడకుండా పోవడం. మంగళవారం పొద్దున పాపకు పాలు కలుపుతూ చూస్తే, అదే జరిగింది.

అంజన్ సరుకుల ఓడలో వంటవాడు. వాడు పాకే వయసులో అమ్మ పోతే, వాణ్ణి చంకనేసుకోవడానికి అమల ఏడో తరగతి పుస్తకాలు అటక మీద పెట్టింది. అవి మళ్ళీ కిందికి దిగలేదు. ఓడెక్కే ముందు వాడు అక్క ఫోనులో ఒక యాప్ పెట్టి, సముద్రం మీది ఓడలన్నీ చూపించాడు. ఒక్కో ఓడ ఒక్కో చిన్న బాణం గుర్తు. చక్కెర ఒలికినచోట చీమల్లా నీలమంతా బాణాలే. హైదరాబాదులో తమ యాకుత్‌పురా దాటి పెద్దగా ఎటూ వెళ్ళని అమల నోరు తెరుచుకుని చూసింది. ఇంతమంది నీళ్ళ మీద ఉన్నారా! అప్పటినుంచి రెండేళ్ళ వర్షితను జోకొడుతూ తమ్ముడి బాణాన్ని చూసుకోవడం అలవాటైంది.

కొన్నాళ్ళుగా ఆ బాణం గల్ఫ్ లోపలే, బయటికి వచ్చే ఇరుకు సముద్రం దగ్గర ఆగి ఉంది. బయటికి పోనిచ్చేది లేదని ఒక దేశం, ఎలా పోనివ్వరో చూస్తామని ఇంకొక దేశం. ఇప్పుడు బాణమే లేదు.

"సిగ్నల్ పోయుంటది తియ్," అన్నాడు భర్త మురళి. అన్నాడే గానీ పాల క్యాన్లు బండికి కట్టి, కదిలే ముందు తనూ ఒకసారి ఆ ఫోనులోకి చూశాడు.

అమల పాపను చంకనేసుకుని అఫ్జల్‌గంజ్ బస్సెక్కింది. అక్కడ గుండయ్య సేటుది పప్పులు, ఖర్జూరాల టోకు దుకాణం. వాళ్ళింటికి మురళే పాలు పోస్తాడు. సేటు ఏ పార్టీనీ నమ్మడు, ఏ టీవీనీ నమ్మడు. పైగా ఆయన ఖర్జూరమంతా ఆ సముద్రం మీదుగానే వస్తుంది.

"సేటూ, సముద్రం బందయ్యిందా?"

గుండయ్య కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఎవరు జెప్పిన్రు?"

"టీవీల."

"టీవోనికేం ఎర్క? వాడు ఒక్కనాడన్న మూట దించిండా? చూడు బిడ్డా, ఆ సముద్రం మన గల్లీ సందు లెక్క. ఇటు గోడ ఒకనిది, అటు గోడ ఒకనిది. మైకుల ముందల ఇద్దరు మస్తు లొల్లి వెడ్తరు. పొద్దుగూకినంక ఇద్దరి సరుకు ఆ సందులకెల్లే పోతది."

"మా అంజన్ ఓడ కనబడ్తలేదు సేటూ. దీపం ఆరిపోయినట్టు..."

"ఆరిపోయిందనకు బిడ్డా, కొండెక్కింది అను," గల్లాపెట్టె దగ్గరనుంచి సేటు భార్య వాసవాంబ కసిరింది.

"ఓడ యాడున్నదో చెప్పే మిషన్ ఉంటదట," అన్నాడు గుండయ్య. "దాన్ని బందువెట్టి, చీకట్ల దాటుతరు. కనబడితె కొడ్తరని భయం. గిదో, ఈ ఖర్జూరం చూడు. రేటు ఇయ్యాల పెరగలే. సముద్రం నిజంగ మూసుకుంటె నీ టీవోని కంటె ముందు దీనికే తెలుస్తది."

అమల ఆ జిగురు ముద్దను దేవుడి ప్రసాదంలా చూసింది. ఇంత ఖర్జూరానికి అంత సముద్రం సంగతి తెలుసా!

వాసవాంబ నవ్వింది. "ఎట్ల పెరుగుతది? పోయిన రంజాన్ సరుకు గోదాంల అట్లనే ఉండె. పెంచితె కొనేటోడెవడు? ఈయన ముచ్చట్లు వినకు బిడ్డా."

"నువ్వు జర ఊకుంటవా?" అన్నాడు గుండయ్య. కానీ అమల మొహం చూడలేకపోయాడు. ఫోను తీసి బొంబాయి దలాలుకు కలిపాడు. "క్యా భాయ్, రాత్ మే కుఛ్ నికలా?" అని రాత్రి బయటపడ్డ ఓడల సంగతి అడిగాడు. చాలాసేపు విన్నాడు. "ఒకటి రెండు బయటవడ్డయట. ఏయో తెల్వదు." ఒక గరిట కందిపప్పు పొట్లం కట్టి పాప చేతికిచ్చాడు. "ఆఫ్రికాల పండిన కంది. ఇదిగూడ ఓడెక్కే వచ్చింది. ఫికర్ వెట్టుకోకు."

మర్నాడు మధ్యాహ్నం ఆ పప్పే వండి వర్షితకు తినిపిస్తోంది. తానెన్నడూ చూడని సముద్రాన్ని ఈ పప్పు చూసి వచ్చింది. ఏ తల్లి కన్న కొడుకో ఆ ఓడలో వండిపెట్టి ఉంటాడు. అనుకుంటూ ఎడమచేత్తో ఫోను తెరిచింది.

బాణం ఉంది. ఇరుకు దాటి, అవతల విశాలమైన నీలంలో.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా, ఆ!" అని పాప నోరు తెరిచి అడుగుతున్నా అమల కదల్లేదు.

పొద్దుగూకే వేళ ఫోను మోగింది.

"అక్కా, దాటినం! లైట్లన్ని బందు. పొయ్యిగూడ ముట్టియ్యనియ్యలే. గింత పెద్ద ఓడ, ఊపిరి వట్టుకున్న మనిషి లెక్క పోయిందక్కా. మీద ఎన్ని చుక్కలో! గన్ని నేనెన్నడు చూడలే."

"తిన్నవారా?" అనగలిగింది అమల.

"తిన్న. ఆవకాయతోని. మా పక్కన ఆగిన ఓడల డానియేలని కాకినాడాయన ఉండె, జగన్నాథపురం వంతెన అవతల ఇల్లట. తెలుగోడినని తెలిసి సామాన్ల పడవల ఆ ఆవకాయ సీసా పంపిండు. మా ఎనకనే బయల్దేరిండ్రక్కా ఆల్లు. మాకింక కనబడలే. నువ్వు జర చూడు."

వాడు చెప్పిన ఆ ఓడ పేరు కొట్టి చూసింది అమల. ఆ బాణం లేదు. రాత్రి చూసింది, పొద్దున చూసింది. లేదు. గుండయ్య ఖర్జూరం రేటు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడామె రోజూ తమ్ముడి బాణం కన్నా ముందు, లేని ఆ బాణం కోసమే వెతుకుతోంది. ఇది చదివేవారిలో ఎవరిదైనా కాకినాడ అయితే, జగన్నాథపురం వంతెన అవతల ఓడలో పనిచేసే డానియేలు ఇల్లెక్కడో అడగండి. ఆయన దగ్గరనుంచి ఫోను వచ్చిందేమో కనుక్కోండి. రాలేదంటే, వెంటనే లేచి రాకండి. వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి.