తప్పయిందని రాసిచ్చిన కాగితం

మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటున్నారన్న కబురు వచ్చేసరికి సంతోషి రోడ్డు పక్కన మొక్కల కోసం గుంత తవ్వుతోంది.

రెండున్నరేళ్ల కిందట ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లందరూ సమ్మెకు దిగితే, అందరినీ ఒక్క ఉత్తర్వుతో తీసేశారు. అప్పటిదాకా ఊళ్లో కూలీలకు కొలతలు వేసి, హాజరు మస్తరులో పేర్లు పిలిచిన సంతోషి, ఆ ఎండాకాలమే జాబ్ కార్డు తీసుకుని మాణిక్యమ్మ సంఘంలో కూలీగా చేరింది. మాణిక్యమ్మ ఆ సంఘానికి మేట్. పదకొండు మందిని పనికి తీసుకొచ్చేదీ ఆమే, వద్దన్న రోజు ఆపేదీ ఆమే.

"ఏందే, ఫోన్ల ఏమొచ్చింది? గట్ల నిలబడ్డవ్?" పక్క గుంతలోంచి సీతాబాయి అడిగింది.

"మళ్ల తీసుకుంటున్నరంట అక్కా. రేపు ఆఫీసుకు రమ్మన్నరు."

"అయితే ఆ గడ్డపార జర ఇటియ్యి మేడం! చేతులు కందుతయ్."

అందరూ నవ్వారు. మాణిక్యమ్మ కూడా నవ్వింది.

మరునాడు శుక్రవారం. ఇబ్రహీంపట్నంలో ఆఫీసు వరండా నిండా తిరిగి చేరేవాళ్లే. గుమస్తా అడిగింది చేరుతున్నట్టు ఒక్క కాగితం మాత్రమే. కానీ పక్క ఊరి వికాస్ మెట్ల మీద కూర్చుని రెండో కాగితం రాశాడు. సమ్మెలో పాల్గొనడం నా తప్పు, క్షమించగలరు, ఇకపై పాల్గొనను అని. "ఎందుకైనా మంచిది" అన్నాడు. ఆ మాట విన్నాక ఊరుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కాగితం చేతులు మారింది. సంతోషి కూడా పెన్ను అడిగి తీసుకుని, పేరు, ఊరు మార్చి, మిగతాదంతా చూసి రాసి ఇచ్చింది. గుమస్తా చదవకుండానే ఫైల్లో పెట్టాడు.

లోపల అధికారి అమరేందర్ ఒకే మాట చెప్పాడు. "సోమవారం పొద్దున కూలీల హాజరు ఫోటో ఫోన్ల ఎక్కాలె. మీ ఊళ్లె మస్తరు ఖాళీగుంటే నిన్ను వేరే మండలానికి పంపుడే."

వేరే మండలమంటే రెండు బస్సులు మారాలి. ఏడింటికల్లా పని దగ్గర ఉండడం అయ్యేది కాదు. చేరినా చేరనట్టే. ఊళ్లో ఒకప్పుడు నాలుగు సంఘాలుండేవి. చేన్లు ప్లాట్లయ్యాక మనుషులు వాచ్‌మెన్లుగా, కాలేజీల్లో ఊడ్చేవాళ్లుగా పోయారు. మిగిలింది మాణిక్యమ్మ సంఘమొక్కటే.

సాయంత్రం సంతోషి ఆమె ఇంటికి వెళ్లింది. మాణిక్యమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"పెద్దమ్మా, సోమవారం అందరిని తీసుకరావాలె."

"వస్తం. ఎప్పుడు రాలేదు? ఆఫీసుల ఏమన్నరు?"

సంతోషి చెప్పింది. రెండో కాగితం సంగతి కూడా మాట వెంట మాటగా వచ్చేసింది. మాణిక్యమ్మ చేతులు ఆగాయి.

"తప్పయిందని రాసినవా?"

"అందరు రాసిండ్రు."

"వాళ్లు అడిగిండ్రా?"

"అడగలే."

"మూడు రోజులు పని బందు పెట్టి, మీ సమ్మె టెంటుల మమ్మల్ని కూసోబెట్టినవ్. మా ఫీల్డు మేడం కోసం అని ఎండల కూసున్నం. గది గూడ తప్పేనా?"

"మిమ్మల్ని అనలే పెద్దమ్మా."

"అడిగితే రాసినవంటే సరే అనుకుందును. అడగకుంటనే రాస్తివి!"

 సంతోషి చేటలోంచి ఒక కాయ తీసుకోబోయింది. మాణిక్యమ్మ చేట పక్కకు జరుపుకుంది.

"నాకు చెప్తే చాలదు. కూసున్నోళ్లందరు వినాలె. సోమవారం మస్తరు పిలిచే ముందల చెప్పు. తర్వాత వాళ్లిష్టం, ఉంటే ఉంటరు, పోతే పోతరు."

ఆ రెండు రోజులూ సంతోషి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది. సోమవారం ఏడింటికి మాణిక్యమ్మతో కలిపి పదకొండు మందీ వచ్చారు. వాళ్ల ముందు నిలబడేసరికి కూర్చుకున్నదేదీ నోటికి రాలేదు.

"సమ్మె చేసుడు తప్పయిందని ఆఫీసుల రాసిచ్చిన. ఎవరు అడగలే. భయానికి రాసిన. మీరు కూసున్నది తప్పు గాదు."



"గింతేనా?" అంది సీతాబాయి. "నేను ఇంకేందో అనుకున్న. కానియ్, ఎండెక్కుతది."

ఒకరిద్దరు నవ్వారు. ఎవరూ వెనక్కి పోలేదు. సంతోషి పేర్లు పిలిచింది. పిలిచిన వాళ్లు పలికి, ఫోటోకు వరసగా నిలబడ్డారు. చివరి పేరుకు మాణిక్యమ్మ "ఉన్న" అంది. వచ్చి వరసలోనే నిలబడింది, కానీ వీపు ఇటు పెట్టి.

"పెద్దమ్మా, జర ఇటు తిరుగు. మొఖం పడాలె."

"లెక్కకు మనిషి చాలదా?"

సంతోషి ఫోను పట్టుకుని ఇంకొంచెంసేపు ఆగింది. మాణిక్యమ్మ తిరగలేదు. పది ముఖాలు, ఒక వీపు. సంతోషి అట్లాగే ఫోటో తీసి పంపింది.