పిన్ని 'అండీ' అన్న రోజు

ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలిచేవారు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ నోరు మూయదని పిన్ని పెట్టిన పేరది. డిగ్రీ రెండో ఏడాదిలో ఏదో ఒక సమాజసేవ చేసి తీరాలని కాలేజీవాళ్లు అన్నారు. పిచ్చుక తన స్నేహితురాలితో కలిసి ఇల్లు గడవనివాళ్లకు ఉచితంగా తిండిసామాన్లు ఇచ్చే ఊళ్లోని ఫుడ్ బ్యాంకులో చేరింది. శనివారాలు ఒక పాత గోడౌనులో పొడవాటి బల్ల వెనక నిలబడి, వరుసలో వచ్చినవాళ్లకు పిండి, నూనె, బంగాళాదుంపలు ఉన్న సంచులు అందించడం పని. ఆ పని ఆమెకు నచ్చింది. సంచి అందుకున్నవాళ్లు చల్లగా ఉండమని దీవించేవారు. ఇంటికెళ్లి భోజనాల దగ్గర ఆ కబుర్లన్నీ చెబితే అమ్మ మురిసిపోయేది.

ఒక శనివారం ఆ వరుసలో పిన్ని కనిపించింది.

ఎవరో పోలికలున్న మనిషేమో అనుకుంది మొదట. కాదు, ఆ ఆకుపచ్చ స్వెటరు అమ్మ అల్లి ఇచ్చిందే. బాబాయి పనిచేసే అచ్చాఫీసు మూతపడుతుందని ఆమధ్య ఎవరో అన్నారు గాని, పిన్ని ఎప్పుడు వచ్చినా అందర్నీ నవ్వించి వెళ్లేది. ఎవరూ ఆరా తియ్యలేదు. పిన్ని కూడా పిచ్చుకను చూసింది. వెనక్కి తిరిగిపోదామంటే దారినిండా జనం.

"ఆవిడ నిన్నే చూస్తోందే. తెలుసా నీకు?" పక్కనున్న స్నేహితురాలు అడిగింది.

"నాకా? తెలీదే," అంది పిచ్చుక.

అంత దగ్గర్లో ఉన్న పిన్నికి ఆ మాట వినపడకపోయే వీలు లేదు. బల్ల దగ్గరికొచ్చి రెండు చేతులతో సంచి అందుకుంది.

"థాంక్సండీ," అంది.

తన చేతుల్లో పెరిగిన పిల్లను అండీ అని, తల వంచుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఇవాళ కబుర్లేమీ లేవా అని అమ్మ అడిగితే పిచ్చుక తలనొప్పని చెప్పి లేచిపోయింది.

మర్నాడు పిన్ని ఇంటికి వెళ్లింది. పిన్ని ఏమీ జరగనట్టే టీ పెట్టి ఇచ్చింది. బాబాయికి చాన్నాళ్లుగా పని లేదని, అక్కకు తెలిస్తే దిగులు పెట్టుకుంటుందని దాచామని తనే చెప్పుకొచ్చింది.

"నిన్న నువ్వు భలే పని చేశావే. ఎక్కడ పిన్నీ అని పిలుస్తావోనని హడలిపోయాను. నా పరువు నిలబెట్టావు."

ఆ మాట పట్టుకుని పిచ్చుక బయటపడిపోవచ్చు. పడలేకపోయింది.

"నీ కోసం అనలేదు పిన్నీ. మావాళ్లని చెప్పుకోడానికి నాకే సిగ్గేసింది."

గిన్నెలు సర్దుతున్న పిన్ని చేతులు ఆగాయి.

"తెలుసులేవే. నీ మొహం చూశాగా," అంది మెల్లగా. "నా పరువు కోసమే అలా అన్నావని అడ్డం పెట్టుకుంటే ఇద్దరం బాగుంటామనుకున్నాను. అదీ ఉంచలేదు నువ్వు."

పిచ్చుక ఏడ్చింది. పిన్ని దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమనీ అనలేదు. కాసేపయ్యాక, వచ్చే శనివారం తను మళ్లీ రాక తప్పదని, అప్పుడు బల్ల దగ్గర ఉండొద్దని మాత్రం అడిగింది. అమ్మకు చెప్పొద్దంది. రెంటికీ పిచ్చుక తల ఊపింది.

గోడౌను వెనక గదిలోకి పని మార్పించుకుంది. అక్కడ ఎవరి మొహమూ కనపడదు, ఎవరూ దీవించరు. నేల మీద కూర్చుని బంగాళాదుంపలు ఏరి సంచులు నింపాలి. శనివారం తలుపు అవతల పిన్ని గొంతు వినిపించింది. ఏదో అని స్నేహితురాలిని నవ్విస్తోంది. లేచి వెళ్దామనిపించింది గాని, మాటిచ్చింది కనక కదల్లేదు. ఏ సంచి పిన్ని చేతికి వెళుతుందో లోపలున్నవాళ్లకు తెలియదు. మెత్తబడినవాటిని ఒక్కొక్కటే పక్కకు తీసేస్తూ, అన్ని సంచుల్లోనూ గట్టివే నింపుతూ కూర్చుంది.