కర్టెన్ల షాపులో చంటిపిల్ల

కర్టెన్లాయన మాటకారితనం గురించి ఆ వీధిలో ఎవరిని అడిగినా గోదాము సంగతే చెబుతారు. ఒక్క కిటికీ కూడా లేని గోదాముకు ఆయన కర్టెన్లు అమ్మాడు. గోడకు అందమైన కర్టెన్ వేలాడుతుంటే దాని వెనక కిటికీ ఉందనే అనుకుంటారు, పనివాళ్ళకు మనసు హాయిగా ఉంటుందని చెప్పి ఆ యజమానిని ఒప్పించాడు. పొద్దున షట్టరుతో పాటు తెరిచిన నోరు మళ్ళీ షట్టరు దించేటప్పుడే మూసేవాడు. అలాంటి మనిషి ఇంటికి వచ్చి కూతుర్ని చేతుల్లోకి తీసుకున్నాడంటే నోట్లో నాలుక లేనివాడైపోయేవాడు.

దీనికి మూలం వాళ్ళ అక్క. పిల్ల పుట్టిన రోజే ఆవిడ తమ్ముణ్ణి పక్కకు పిలిచి, నీది లౌడ్‌స్పీకరు గొంతు, పసిదాని దగ్గర గట్టిగా మాట్లాడితే జడుసుకుంటుంది జాగ్రత్త అని హెచ్చరించింది. మెల్లగా మాట్లాడటం ఆయనకు పుట్టి బుద్ధెరిగి అలవాటు లేదు. అందుకని ఏకంగా మాట్లాడటమే మానేశాడు. పిల్లని ఎత్తుకుని, ఊపిరి బిగబట్టి, గాజుసామాను మోస్తున్నవాడిలా గదిలో అటూ ఇటూ నడిచేవాడు. అంత భక్తిగా మోసినా పిల్ల మాత్రం తనని ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఇల్లు పీకి పందిరేసేది. తల్లి చేతుల్లోకి వెళ్ళగానే ఊరుకునేది. ఆ ఊరుకోవడమే ఆయనకు ఏడుపుకన్నా ఎక్కువ బాధ కలిగించేది.

తల్లి సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ సెలవు అయిపోవచ్చింది, సోమవారం నుంచి షాపు వీధి మీదుగా పోయే రూటులో మళ్ళీ స్టీరింగు పట్టాలి. పగలంతా పిల్ల ఎక్కడుండాలి అన్న మాట వచ్చినప్పుడు అక్కగారు తన ఇంట్లో ఉంటుందని తేల్చేసింది. ఆవిడ ఇల్లు ఊరికి అవతలి కొసన ఉంది. పొద్దున్నే దించి, చీకటిపడ్డాక తెచ్చుకోవాలి. కర్టెన్లాయన షాపు మూసి ఇల్లు చేరేసరికి పిల్ల ఎలాగూ నిద్రపోతుంది. లెక్కేసి చూస్తే కూతుర్ని మేలుకుని ఉండగా చూసేది ఒక్క ఆదివారాలే. అసలే దానికి తనంటే పడదు, ఆ మీదట ఆదివారాలు వచ్చిపోయే చుట్టంగా మిగిలిపోతానని ఆయన గుండెల్లో రాయి పడింది. షాపులో నా దగ్గరే ఉంటుంది, గుడ్డతో గుండెకు కట్టుకుని చూసుకుంటానని అందరి ముందూ అనేశాడు. అక్కగారు నవ్వింది. సోమవారం మధ్యాహ్నం షాపుకు వస్తాను, అప్పటికి ఏడుస్తుంటే మాత్రం ఇంకేం మాట్లాడకుండా నాతో తీసుకెళ్తానని షరతు పెట్టింది.

ఇక గుడ్డ వెతుకులాట మొదలైంది. పిల్లల్ని కట్టుకోవడానికని ప్రత్యేకంగా నేసిన గుడ్డలు దొరుకుతాయని భార్య ఫోనులో చూపించబోయింది. ఆయన ఆ ఫోను వైపు కూడా చూడలేదు. చుట్టూ ఇన్ని తానులు పెట్టుకుని గుడ్డ బయట కొన్నానని తెలిస్తే వీధిలో తలెత్తుకోగలనా అన్నాడు. గుడ్డ గురించి నాకు ఒకరు చెప్పేదేమిటి అని కూడా అన్నాడు. సరిగ్గా అక్కడే పప్పులో కాలేశాడు. ఆయనకు తెలిసిందల్లా వేలాడే గుడ్డ గురించే. బరువు మోసే గుడ్డ సంగతి ఆయనకు అణుమాత్రం తెలియదు.

పిల్లంత బరువు వచ్చేలా ఒక దిండుగలీబులో ఇసుక నింపి, దాన్ని కట్టుకుని షాపులో తిరగడం మొదలుపెట్టాడు. మొదట శాటిన్ తీశాడు, కూతురికి తక్కువరకం వాడటమా అని. నిగనిగలాడే ఆ గుడ్డలోంచి దిండు ఎప్పుడు జారిందో తెలియదు గానీ, కొనడానికి వచ్చినావిడ కాలిమీద పడ్డప్పుడు మాత్రం అందరికీ తెలిసింది. తర్వాత సోఫాలకు వేసే సాగే గుడ్డ. అది పొద్దున ఛాతీ మీద చక్కగా ఉన్నదల్లా సాయంత్రానికి దిండుతో సహా పొట్ట కిందికి దిగింది. పక్క షాపువాళ్ళు ఈసారి ఆయనకే నెలలు నిండాయని చెవులు కొరుక్కున్నారు. జారదు, సాగదు అని మందపాటి పూలగుడ్డ ఒకటి పట్టుకొచ్చి, గాలి ఆడాలని దానికి వరసగా స్టీలు రింగులు కూడా కొట్టించాడు.

భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని పిల్లకి కడతారా, కిటికీకి తగిలిస్తారా?" అంది.

ఆ దెబ్బతో ఆయన చేతులెత్తేశాడు. ఫోను మీకు అక్కర్లేకపోయినా నాకు కావాలి అంటూ ఆవిడే చదివి చెప్పింది. మరీ మందంగా ఉండకూడదు, మరీ పల్చగా ఉండకూడదు. పొడుగ్గా లాగితే సాగకూడదు, ఏటవాలుగా లాగితే కొంచెం సాగాలి. చెమట పీల్చాలి. ఎంత ఉతికితే అంత మెత్తబడాలి. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని షాపులోని అరలన్నీ మనసులోనే తడుముకున్నాడు. అట్టడుగు అరలో, మంచి కర్టెన్ వెనక ఎవరికీ కనబడకుండా కుట్టే లైనింగ్ గుడ్డ ఉంది. ఏటవాలు నేత, అచ్చమైన నూలు, రంగు కూడా వేయని గుడ్డ. ఇన్నేళ్ళలో ఆ గుడ్డని ఆయన ఒక్కసారి కూడా పొగిడి అమ్మలేదు. అయిదు మీటర్లు కోసి, ఇంటికి తెచ్చి, ఉతికి ఆరేసి మళ్ళీ ఉతికాడు.

కట్టడం భార్యే నేర్పింది. నడుమ భాగం ఛాతీ మీద పరచడం, కొసలు వెనక్కి తిప్పి వీపు మీద అడ్డంగా దాటించి భుజాల మీంచి తేవడం, పిల్లని కూర్చోబెట్టి ఒక్కో మడతా బిగించి ముడి వేయడం. ఆవిడ డిపోలోంచి బస్సు తీసేముందు చక్రాలు తన్ని చూసినట్టు మొగుణ్ణి చుట్టూ తిరిగి చూసేది. పిల్ల ముఖం పైకి కనబడాలి, ముక్కుకు గుడ్డ అడ్డం రాకూడదు. గడ్డం దాని గుండెకు ఆనుకుపోకూడదు. మోకాళ్ళు పిర్రలకన్నా ఎత్తులో ఉండాలి. తల వంచితే నుదుటి మీద ముద్దు అందాలి. ఒక్కటి తప్పినా విప్పించి మళ్ళీ కట్టించేది. శనివారానికి కట్టు ఎంత బాగా కుదిరిందంటే ఇసుకదిండు కూడా హాయిగా నిద్రపోతున్నట్టు కనిపించింది.

పిల్లని ఆవిడ కట్టుకుని నాలుగడుగులు వేయగానే అది కళ్ళు మూసింది. అదే గుడ్డ, అదే కట్టు, ఆయన కట్టుకోగానే కేరుమంది. నెపం పెట్టడానికి గుడ్డ కూడా లేకుండా పోయిందని ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

సోమవారం వచ్చింది. భార్య పాలసీసాలు, గుడ్డలు, మార్చే బట్టలు అన్నీ సర్దిపెట్టి, కట్టు ఒకసారి లాగి చూసి, ఆయన ముఖం చూడకుండా డ్యూటీకి వెళ్ళిపోయింది. చూస్తే తనకే ఏడుపొస్తుందని ఆవిడ భయం.

షట్టరు ఎత్తింది మొదలు పిల్ల రాగం ఆపలేదు. కర్టెన్లాయన నోటికి తాళం వేసుకుని, మునివేళ్ళ మీద, తానుల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పాలు పట్టాడు. గుడ్డ మార్చాడు. విప్పి మళ్ళీ కట్టాడు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి గుమ్మం దాకా వచ్చి, లోపలి పరిస్థితి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెనక్కి తిరిగారు. పక్క షాపాయన వచ్చి ఉచితంగా మూడు సలహాలిచ్చి, మూడూ పనిచేయకపోతే చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళాడు. పదకొండు దాటేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. అక్క వస్తుంది, పిల్లని పట్టుకెళ్తుంది, తను ఆదివారం చుట్టమైపోతాడు. ఆ మాట తలచుకుని గడియారం వైపు చూడటం కూడా మానేశాడు.

అదుగో, సరిగ్గా అప్పుడు దిగింది మీనమేషాల మేడమ్.

వీధిలోని షాపులవాళ్ళందరూ కలిసి ఆవిడకు ఆ పేరు పెట్టారు. ఏదీ తేల్చుకోలేని మనిషి. తానులన్నీ విప్పించి, అన్నీ బాగున్నాయని, అన్నింటికీ ఒక వంక ఉందని, ఇంట్లో ఒకసారి ఆలోచించుకుని వస్తానని వెళ్తుంది. ఆవిడ రావడం చూస్తే కొందరు భోజనానికి వెళ్ళిపోతారు, టైము పదైనా సరే. కర్టెన్లాయనకు పారిపోయే దారి లేదు. ఆవిడ కుర్చీ లాక్కుని, ఏడుస్తున్న పిల్లని చూసి జాలిపడి, ఎండ తగిలే పడగ్గది కిటికీకి ఏదైనా చూపించమంది.

అలవాటు ఊరుకోనివ్వదు కదా. ఆయన నోరు దానంతట అదే తెరుచుకుంది. ఎండ పొద్దుటిదా, సాయంత్రందా మేడమ్ అని మొదలుపెట్టి, పొద్దుటి ఎండ రంగును తినేస్తుంది, సాయంత్రం ఎండ గుడ్డనే తినేస్తుంది అంటూ లౌడ్‌స్పీకరు గొంతుతో అందుకున్నాడు. మొదటి తాను విప్పి భుజం మీద వేసుకునేసరికి షాపులో ఏదో తేడాగా అనిపించింది. ఏడుపు లేదు.

భయంతో కిందికి చూశాడు. పిల్ల చెంప ఆయన ఛాతీకి ఆనించి, కళ్ళు పెద్దవి చేసి వింటోంది. ఆయన మాట ఆగింది. పిల్ల కింది పెదవి వణికింది. ఆయన గబగబా రంగు వెలిసిపోని పచ్చ రకం గురించి చెప్పాడు. పెదవి సర్దుకుంది. మళ్ళీ ఆపి చూశాడు. మళ్ళీ వణికింది.

ఆ తర్వాత ఆయన వెనుదిరిగి చూడలేదు. పచ్చ, నీలం, గీతలు, పూలు, పూల మీద గీతలు, ఒక్కో తానుకూ ఒక్కో కథ. ఊపిరి తీసుకోవడానికి కూడా వాక్యం మధ్యలోనే ఆగేవాడు, చివర ఆగితే ప్రమాదమని. గుండెకు ఆనుకున్న ఆ చిన్న తల మెల్లగా బరువెక్కింది. కళ్ళు మూతలు పడ్డాయి. కూతురు తన మీద నిద్రపోవడం ఆయనకు అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆయన వెల్వెట్ గుణాలు వర్ణిస్తూనే ఉన్నాడు.

ఇంత శ్రద్ధగా, ఇంత వివరంగా జన్మలో ఎవరూ చెప్పలేదేమో, మీనమేషాల మేడమ్ లేత పసుపు గుడ్డ మీద చెయ్యి వేసి, జీవితంలో మొదటిసారి తేల్చేసింది.

"సరే బాబూ. ఇది కొయ్యండి."

ఆయన చేతిలో కత్తెర గాల్లో ఆగింది.

"అప్పుడే వద్దు మేడమ్," అన్నాడు. "ఇంకా చూడండి. మీకు పుణ్యముంటుంది, ఇంకా చూడండి."

ఆవిడ పర్సులోంచి రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు అందరూ తొందరపెట్టేవాళ్ళేనని, ఇంకా చూడమన్నవాళ్ళని ఇన్నేళ్ళలో ఈ ఒక్క షాపులోనే చూశానని అంది. అని, లేచిందల్లా మళ్ళీ కూర్చుంది. ఆయన ఆనందంగా పై అరకు నిచ్చెన వేయబోయి, పిల్ల గుర్తొచ్చి కింది అరతో సరిపెట్టుకున్నాడు.

అక్కగారు వచ్చేసరికి షాపు నిండా గుడ్డలు. మధ్యలో తమ్ముడు వాగుతున్నాడు, వాడి గుండె మీద మేనకోడలు నోరు కొంచెం తెరుచుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఆవిడ చేతిసంచి కౌంటరు మీద పెట్టి, నమ్మలేక దగ్గరికొచ్చి పిల్ల ఊపిరి చూసింది. తల్లి ముందుగానే సెలవు పెట్టి నెలలు నిండేదాకా ఈ షాపులోనే కూర్చునేదని, అది కడుపులో ఉండగా రోజూ విన్నది ఈ వాగుడేనని ఆవిడకే ముందు తట్టింది.

"మరి ఇంట్లో ఎందుకురా మూగనోము పట్టావు?"

"నువ్వే కదక్కా, గట్టిగా మాట్లాడొద్దన్నావు."

"గట్టిగా మాట్లాడొద్దన్నాను. అసలు మాట్లాడొద్దని ఎవరన్నారు?"

మేడమ్ చివరికి ఆ లేత పసుపే కోయించుకుని, ఆయన్ని ఆశీర్వదించి వెళ్ళింది. షాపు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పిల్ల కదిలి, కళ్ళు తెరిచి, తల పైకెత్తి ఆయన వైపు చూసింది. కొనేవాళ్ళెవరూ లేరు. ఊరందరితో ఇంతింత మాట్లాడాను, నా కూతురితో ఇంతవరకూ ఒక్క మాటా మాట్లాడలేదు కదా అని అప్పుడు తోచి ఆయనకు సిగ్గేసింది. పిల్ల పెదవి వణకడం మొదలైంది. అక్కగారు తెలియకుండానే చేతులు చాచింది.

"అమ్మలూ," అన్నాడు ఆయన. "నేను మీ నాన్నని. ముందే చెప్పాల్సింది, ఆలస్యమైంది. ఈ షాపు మనది. అవి శాటిన్లు, చూడ్డానికి బావుంటాయి గానీ నమ్మకూడదు, జారిపోతాయి. నిన్ను కట్టుకున్నది లైనింగ్. దాన్ని నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు, తప్పు నాదే. మీ అమ్మ చెబితేనే దొరికింది. బస్సు నడుపుతుంది మీ అమ్మ, ఎంత బాగా నడుపుతుందో తెలుసా..."

పిల్ల వణుకుతున్న పెదవిని ఏం చేయాలో తేల్చుకోలేనట్టు కాసేపు చూసి, చెంప మళ్ళీ ఆయన ఛాతీకి ఆనించింది. అక్కగారు చాచిన చేతులు దించుకుని, సంచి తీసుకుని, చెప్పాపెట్టకుండా బయటికి నడిచింది.

కాసేపటికి వీధి అవతల స్టాపులో బస్సు ఆగింది. ఎక్కుతున్న ఆడపడుచు చేతులకేసి డ్రైవరు చూసింది. చేతుల్లో సంచి తప్ప ఏమీ లేదు. తర్వాత తలతిప్పి షాపు వైపు చూసింది. అద్దం వెనక ఆయన కూతురి తలకు ఒక చెయ్యి ఆనించి, రెండో చేతితో ఏదో తాను చూపిస్తూ, ఎదురుగా ఒక్క మనిషి కూడా లేకుండా ఆపకుండా మాట్లాడుతున్నాడు. వెనకనున్న బళ్ళవాళ్ళు హారన్లు మోగించేదాకా బస్సు కదల్లేదు.