ముగ్గురం ఎక్కిన లైను

మా పంపుహౌసులో మోటార్లను నడిపే యంత్రానికి వెనక వైరు తగిలించే సీరియల్ పోర్టు ఒకే ఒక్కటి. దానికి తగిలించిన చిన్న డబ్బా ద్వారానే ఏ గదిలోని కంప్యూటరైనా దానితో మాట్లాడాలి. అదీ ఒకసారికి ఒక్కరే. రెండోవాడు ఎక్కబోతే ‘బిజీ’ అని వస్తుంది. అందుకే రోజంతా “లైను వదలండయ్యా!” అని కేకలు.

ఎక్కువసేపు లైను పట్టుకు కూర్చునేది ఇన్‌చార్జి. మా అక్క మొగుడు. ఆరు నెలల కిందట మోటారు నడుస్తుండగా మూడో వాల్వు మూసేశాడు. పైపు పగిలింది. రిజిస్టరులో మాత్రం అది నా డ్యూటీలో జరిగినట్టు రాశాడు. యంత్రం మెమరీలో అసలు టైము ఉంటుంది కదా అంటే, “పిడుగుపడి అంతా పోయింది” అన్నాడు. పాస్‌వర్డు ఆయనొక్కడి దగ్గరే ఉంది. నా చేతికి పార ఇచ్చి బురద తొట్టిలోకి దింపారు.

“ఇంటి మనిషిరా, మింగెయ్యి” అంది అక్క. మింగాను. అరగలేదు.

పోయిన వారం ఆ డబ్బా కాలిపోయింది. వైర్ల పని నాకే వచ్చు కనక కాళ్లు కడుక్కుని రమ్మన్నారు. కొత్త డబ్బాతో వచ్చిన కాగితం మొత్తం చదివాను. ఒకే పోర్టు మీద నలుగురి దాకా ఎక్కవచ్చు. ఎవరు కొట్టిన అక్షరమైనా యంత్రానికి చేరుతుంది, అందరి తెరల మీదా పడుతుంది. బావకు పై అధికారి అయిన ఇంజినీరమ్మకు చూపించి, ఆమె సరేనన్నాక అలాగే బిగించాను. బావ అడగలేదు. నేను చెప్పలేదు.

వేరే మాట చెప్పాను. “బావా, రేపు పై ఆఫీసువాళ్లొచ్చి మెమరీ చూస్తారట.”

అబద్ధం కాదు. అర్జీ పెట్టింది నేనే.

“అదెప్పుడో పోయిందిగా?”

“పోతే మీకేం భయం?”

“నాకు భయమేంట్రా! బురదలో ఉండి ఉండి నీ బుర్రకి నాచు పట్టింది.”

మర్నాడు పొద్దున టీకి అందరూ బయటికెళ్లగానే బావ కంట్రోల్ రూములో కూర్చున్నాడు. అద్దానికి ఇవతల ఒక కంప్యూటరు దగ్గర ఇంజినీరమ్మ, పక్కదాని దగ్గర నేను. అక్కడ వేలు పడుతుంటే ఇక్కడ అక్షరం పడుతోంది. పాస్‌వర్డు చుక్కలుగా వచ్చింది. మెమరీ తలుపు తెరుచుకుంది. ఆయనకే కాదు, మా ఇద్దరికీ.

మూడో వాల్వు. ఆ తేదీ. సాయంత్రం నాలుగూ పది.

“నీ డ్యూటీ రెండింటికే అయిపోయిందిగా?” అంది ఇంజినీరమ్మ.

“అయిపోయిందండి.”

చెరిపే ఆర్డరు పడింది. నిజంగా చెరపాలా, అవునంటే వై, కాదంటే ఎన్ నొక్కమని యంత్రం అడిగింది.

“నొక్కమంటారా?” అడిగాను.

“నొక్కవయ్యా, ఇంకా చూస్తావేం!”

ఎన్ నొక్కాను. అవతల బావ వేలు గాల్లోనే ఆగింది. మళ్లీ ఆర్డరు కొట్టాడు. మళ్లీ ఎన్. మూడోసారీ అంతే. కీబోర్డు తిరగేసి దులిపాడు. అప్పుడు తలెత్తాడు. నేను చెయ్యెత్తి ఉంచాను, ఆయన చూసేదాకా.

సాయంత్రం అక్క ఫోను. “చల్లబడిందా నీ కడుపు?”

“ఇంకా లేదక్కా.”

మర్నాడు బావను తొట్టి పనికి వేశారు. నేను అక్కడికెళ్లి, కడిగిన పార ఆయన చేతికిచ్చాను. “పిడి ఒరుసుకుంటుంది, గుడ్డ చుట్టుకోండి” అన్నాను. ఆ సంగతి తెలిసేసరికి నాకు రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. ఆయనకు మొదటిరోజే చెప్పాను. ఎంతైనా బావ కదా.