పైమడి రీస్లింగ్

జర్మనీలో మోసెల్ ఏటి ఒడ్డున హోల్ట్‌బాఖ్ వారి ద్రాక్షతోట మూడు వందల ఏళ్ల నాటిది. ఒకప్పుడు దూరదేశాల విందుల్లో మెరిసిన వాళ్ల రీస్లింగ్ వైన్‌ను ఇప్పుడు పక్క ఊరి హోటళ్లవాళ్లు కూడా అడగడం మానేశారు. భర్త ఎవాల్ట్ పోయాక ఆ తోటను ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది ఒటీలియా. మోకాళ్లు మొరాయించాక కొడుకు ఆర్నోకూ కోడలు ఫ్రౌకెకూ అప్పగించింది.

ఫ్రౌకెది ఉత్తరాన సముద్రపు గట్టు. కొండ ఎరగని ఊరు, పొద్దస్తమానం టీ తాగే జనం. వైన్ చదువు చదివి వచ్చిన ఆ పిల్ల, చల్లబరిచే స్టీలు తొట్లు నేలమాళిగలోకి దింపించింది. సీసాలకు బిరడాలు తీసేసి తిప్పుడు మూతలు పెట్టించింది.

"మూత తిప్పి తాగడానికి ఇదేమన్నా దగ్గుమందా?" అంది ఒటీలియా.

"దగ్గుమందైనా బాగుండేది అత్తయ్యా, చలికాలంలోనైనా అమ్ముడుపోయేది."

ఒటీలియాకు నవ్వొచ్చింది. నవ్వితే లోకువైపోతానని మొహం తిప్పుకుని బంగాళాదుంపల తొక్క తీయడంలో పడింది.

ఆ వేసవిలో కొండ మీదికి, ఒకే ఇనుప పట్టా మీద పాకే బండి వేయించారు. పలకరాతి కొండ అది, ఎక్కడమంటే నిచ్చెన ఎక్కినట్టే. వీపున బుట్టలు మోయలేక కూలీలు రావడం మానేశారు. పట్టా వేయడం పూర్తయిన రోజున ఫ్రౌకె బండిలో దిండు పరిచింది.

"ఎక్కండి అత్తయ్యా."

"నన్ను బస్తాలా పైకి లాగుతావుటే?"

"బస్తా అయితే నోరు మూసుకుని కూర్చునేది. ఎక్కండి మరి!"

బండి గుర్రుగుర్రుమంటూ పాకింది. ఒటీలియా ఒక చేత్తో కమ్మీని, మరో చేత్తో కోడలి భుజాన్ని పట్టుకుంది. ఏరు కింద వెండి తాడులా సన్నబడింది. సగం కొండ దాటినా బండి ఆగలేదు. అందరికంటే పైనున్న మడి దగ్గర ఆగింది.

ఆ మడిని ఒటీలియా చూసి ఏళ్లయింది. రాతిగోడ ఎవాల్ట్ కట్టినది. ఒక మూల కూలింది. కలుపు నడుమున ముసలి తీగలు మెలికలు తిరిగి, బతికే ఉన్నాయి. గుత్తులు చిన్నవి, కాయ గట్టిది. ఆమె ఒక తీగ మొదలును నిమిరింది.

"దీన్ని పీకేస్తారనుకున్నాను," అంది.

"ఆర్నో పట్టాను సగంలో ఆపేద్దామన్నాడు. నేనే పోట్లాడాను. మీరు వంటింటి కిటికీలోంచి రోజూ ఇటే చూస్తారు కదా!"

ఒటీలియా కూలిన రాళ్ల వైపు తిరిగింది. "ఆ గోడ మూల కట్టించాలి, వానకు మట్టి జారుతుంది," అంది.

శరదృతువులో ఒక పొద్దున పొగమంచు విడిచాక ఆ మడి పళ్లను విడిగా కోశారు. ఒటీలియా ఒక రాతి మీద కూర్చుని కుళ్లిన పళ్లు ఏరింది. రసం ఎందులో పోయాలన్న దగ్గర అత్తాకోడళ్లకు పేచీ వచ్చింది. అత్త ఓక్ చెక్క పీపా అంది, కోడలు స్టీలు తొట్టి అంది. మూడు పూటలు మాటల్లేవు. చివరికి ఆర్నో విసుక్కున్నాడు: "మీరిద్దరూ తేల్చుకునేలోగా అది వెనిగర్ అయిపోతుంది!"

తొట్టిలో చల్లగా, మెల్లగా పులియనిచ్చి, తర్వాత పీపాలో పండనిచ్చారు. వసంతంలో తొలి గుక్క తాగి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తడిసిన పలకరాయి వాసన, పుల్లని పచ్చి పీచ్ రుచి.

"పరవాలేదు," అంది ఒటీలియా. ఆమె నోట అంతకు మించిన మెప్పు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆ వైన్‌కు మరుసటేడు మైంట్స్ పట్టణం పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పాత తోట మళ్లీ లేచి నిలబడిందని పత్రికలు రాశాయి. వేదిక మీదికి పిలిస్తే ఫ్రౌకె అత్తగారి చెయ్యి వదల్లేదు. ఇద్దరూ కలిసే ఎక్కారు. ఒటీలియా మైకు ముందు తడబడి, "ఈ పిల్ల టీ తాగే ఊరిది. అయినా మా కొండ దీని మాట వింది," అని చెప్పి కళ్లు తుడుచుకుంది.

వారం తిరక్కుండా పొరుగు తోట యజమాని రాతియేన్ వచ్చి తలుపు తట్టాడు. ఇన్నాళ్లూ ఆ బండిని చూసి ఆటబొమ్మ అని వెక్కిరించినవాడు.

"ఒటీలియా వదినా, ఆ పట్టాను మా కొండ వైపుకూ కాస్త పొడిగించుకోవచ్చా?"

"నన్నెందుకు అడుగుతావు?" అంది ఒటీలియా. "యజమానురాలు నేలమాళిగలో ఉంది. వెళ్లి ఆవిణ్ని అడుగు. చెప్పులు తుడుచుకుని మరీ వెళ్లు."