గోళ్ళరంగు గీత

మా ఇంట్లో నా చేతికి ఒక పేరుంది. మొద్దుచెయ్యి. నేను అల్లిన స్వెట్టరుకి ఒక చెయ్యి మోకాలి దాకా వచ్చింది. నేను చేసిన కేకు నడుమ బావి తవ్వినట్టు కుంగిపోయింది. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంట్లో పేర్లు అలాగే వస్తాయి. పెట్టినవాళ్ళు మర్చిపోతారు, పెట్టించుకున్నవాళ్ళని మాత్రం అవి వదలవు.

ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసి పోయినేడే రిటైరై ఇంటికొచ్చాను. ఫైలు వెతకడానికి పనికొచ్చే చెయ్యి కాబట్టి అక్కడ నన్నెవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి బుజ్జి నన్నొక కోరిక కోరింది. అది నడుములూ మోకాళ్ళూ సరిచేసే ఫిజియోథెరపిస్టు. కళ్ళద్దాల షాపు పైన రెండు గదులు తీసుకుని సొంతంగా క్లినిక్ పెట్టుకుంటోంది.

"పచ్చి పెయింటు వాసన, దానికి తోడు నా ఆయింట్‌మెంట్ల వాసన. వచ్చినవాళ్ళు నడుం నొప్పికి తలనొప్పి కలుపుకుని పోతారు. మొదటిరోజుకి పన్నెండు సువాసన కొవ్వొత్తులు చేసిపెట్టమ్మా," అంది.

"మీ పెద్దమ్మ ఉండగా నేనా?" అన్నాను. మా అక్క ఆరేళ్ళుగా సోయా మైనంతో కొవ్వొత్తులు చేసి షాపులకి ఇస్తోంది. ఊళ్ళో సగం ఇళ్ళలో వెలిగేవి ఆవిడవే.

"పెద్దమ్మవి అందరిళ్ళల్లోనూ ఉన్నాయి. నువ్వు నీ చేత్తో చేసింది నా దగ్గర ఒక్కటీ లేదు."

ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. కానీ నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. దాని చిన్నప్పుడు నేను పొద్దున వెళ్ళి చీకటిపడే వేళకి వచ్చేదాన్ని. జడలు వేసింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, బళ్ళో నాటకానికి రెక్కలు కుట్టింది మా అక్క. పిల్లలు లేని మనిషి, రెండు వీధుల అవతలే ఇల్లు. పన్నెండు కొవ్వొత్తులంటే చిన్న పనే. కానీ నా కూతురి ముందు నా చెయ్యి ఒక్కసారైనా నెగ్గాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెబితే మీరు నవ్వుతారు.

అందుకే నేరుగా అక్క దగ్గరికే వెళ్ళి నేర్పమన్నాను. "దానికేం భాగ్యం, రేపే వస్తా," అంది. మర్నాడు తన డబ్బాలోంచే మైనం తెచ్చింది. సబ్బు తురిమినట్టు తెల్లటి పలుకులు. గాజు గ్లాసుల అడుగున వత్తిని ఎలా అంటించాలో, అది వంగకుండా రెండు ఐస్‌క్రీమ్ పుల్లల మధ్య ఎలా ఇరికించాలో, పోసేటప్పుడు బుడగలు రాకుండా గ్లాసుని ఎలా వంచాలో ఓపిగ్గా చూపించింది. నా చెయ్యి వణికితే తన చెయ్యి కింద పెట్టింది.

"కొంతమంది నీళ్ళగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తారు. అదంతా చాదస్తం. నువ్వు నేరుగా స్టవ్ మీదే పెట్టెయ్," అంది.

"వేడి ఎంత ఉండాలక్కా?"

"అంకెలతో నీకెందుకే? నువ్వు కళ్ళద్దాలు వెతుక్కునేలోపు మైనం మాడిపోతుంది." సంచిలోంచి పొడుగాటి గాజు థర్మామీటరు తీసింది. గోళ్ళరంగు సీసా తీసి దానిమీద ఎర్రటి గీత గీసి, ఆరేదాకా నోటితో ఊదింది. "ఇదిగో, ఇక్కడికొచ్చాక సువాసన నూనె వెయ్యి. వేశాక సన్నసెగ మీద పావుగంట ఉంచు. నూనె మైనంలోకి ఇంకాలి కదా."

అక్క అలా ఊదుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఈ వయసులో కూడా నా కోసం ఎవరో ఇంత శ్రద్ధగా గీత గీసి ఆరబెడుతున్నారనిపించింది. ఫోన్లో వెతికితే వంద వీడియోలు వస్తాయని మా ఆయన అన్నారు. ఇంట్లో అక్కని పెట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగే ఖర్మ నాకేంటని కసిరాను.

మర్నాడు ఒక్కదాన్నే మొదలుపెట్టాను. నిమ్మగడ్డి, లావెండర్ నూనెలు బుజ్జికి ఇష్టం. గీత దగ్గర నూనె వేశానో లేదో ఇల్లంతా గుప్పుమంది. పావుగంట గడిచేసరికి మెట్ల మీదకీ పాకింది. పైవాటా ఆవిడ దిగొచ్చి ఏం చేస్తున్నారని అడిగింది. కొవ్వొత్తులని చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం ఉండే ఉంటుంది. మా ఆయన ఒక్కరే ఏమీ అనలేదు. ఆయనది పుట్టు పడిశం, ఇల్లు కాలినా వాసన రాదు.

చల్లారి గట్టిపడ్డాక ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియలేదు. అక్కకి ఫోన్ చేశాను.

"రోజంతా ఆ వాసనలోనే ఉన్నావు, నీ ముక్కు మొద్దుబారింది. సోయా మైనం రెండు వారాలు మగ్గాలి. అప్పటిదాకా వెలిగించకు. కాయని రోజూ నొక్కి చూస్తే పండుతుందా?" అంది.

నిజమే అనిపించింది. పన్నెండూ బీరువాలో పెట్టి తాళం వేశాను. బుజ్జి క్లినిక్ తెరిచే రోజుకి సరిగ్గా రెండు వారాలుంది.

ఆ రోజు పొద్దున్నే వెళ్ళి వాటిని కిటికీ గట్టుమీదా, మందుల బల్లమీదా, రోగులు కూర్చునే చోటా పెట్టి నా చేత్తోనే వెలిగించాను. మంట నిటారుగా నిలబడింది. మైనం గుండ్రంగా కరిగింది. అయిదు నిమిషాలైంది, పదైంది. పెయింటు వాసన ఎక్కడిదక్కడే ఉంది.

కింద షాపు ఆయన శుభాకాంక్షలు చెప్పడానికి పైకొచ్చి చుట్టూ చూసి, "ఏమ్మా, కరెంటు పోయిందా?" అన్నాడు. పాపం, వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

బుజ్జి ఒక గ్లాసు మీదకి వంగి గాలి పీల్చింది. ఇంకో గ్లాసు మీదకి వంగింది. తర్వాత నావైపు తిరిగి నవ్వింది. "వెలుగు చాలా బావుందమ్మా," అంది.

వెలుగు బావుందట. భోజనానికి పిలిస్తే గిన్నెలు బావున్నాయన్నట్టు. భూమి చీలితే బావుండుననిపించింది.

అప్పుడు, ప్రారంభానికి వచ్చిన అక్క తన సంచి విప్పింది. అందులో ఆరు కొవ్వొత్తులున్నాయి. నిమ్మగడ్డి, లావెండర్. "ఎందుకైనా మంచిదని తెచ్చాను," అంది. వాటిని వెలిగించిన కాసేపటికే గది మారిపోయింది. వచ్చినవాళ్ళంతా ఎవరు చేశారు, ఎక్కడ దొరుకుతాయి అని అడగడమే. బుజ్జి పెద్దమ్మ మెడచుట్టూ చేతులేసింది. నావి ఎవరో ఒక్కొక్కటే ఆర్పి మూలకి చేర్చారు.

"థర్మామీటరు తప్పు చూపిస్తోందేమో అక్కా," అన్నాను మెల్లగా.

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగే?" అంది, నా భుజం మీద చెయ్యి వేసి. "మొద్దుచెయ్యి అని ఊరికే అనరు."

అందరూ నవ్వారు. ఏడవలేక నేనూ నవ్వాను.

వారం రోజులు వంటింట్లో ఆ గిన్నె వైపు చూడలేదు. తర్వాత నాకు మొండితనం పుట్టింది. పన్నెండు పాడయ్యాయి, ఒక్కటైనా కుదరదా అని. అక్కని మళ్ళీ మైనం అడగడానికి సిగ్గేసి, సబ్బులకీ కొవ్వొత్తులకీ సరుకులమ్మే షాపుకి వెళ్ళాను. అక్కడి ఆవిడ సంచీ కడుతూ ఎలా చేస్తారని మాటవరసకి అడిగింది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పాను. ఆవిడ కట్టడం ఆపేసింది.

"పావుగంటా? నూనె వేశాక స్టవ్ మీదే పావుగంటా? అమ్మా, ఎనభై డిగ్రీల దగ్గర వెయ్యాలి, కలపాలి, దించెయ్యాలి. మీరు చెప్పినట్టు చేస్తే సువాసనంతా వంటింటికే పోతుంది. కొవ్వొత్తికి ఏం మిగులుతుంది?" సంచిమీది అచ్చు కూడా చూపించింది. అక్కడా ఎనభై అనే ఉంది.

ఇంటికొచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని థర్మామీటరు చూశాను. ఎర్ర గీత నూట ఇరవై దగ్గరుంది.

అయినా నాకు అనుమానం రాలేదు. గీత గీసేటప్పుడు చెయ్యి జారిందేమో అనుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోస్తున్నా, ఆ తడికి పాపం అక్క చేతులు నానిపోతున్నాయేమో అనుకునే రకాన్ని నేను. తను కూడా ఇలాగే చేసుకుని మైనం పాడుచేసుకుంటుందేమో, చెప్పాలి కదా అని ఆ థర్మామీటరు పట్టుకుని గబగబా వెళ్ళాను.

అక్క పనిలో ఉంది. "కూర్చో, పార్సిల్ వాడొచ్చాడు," అని వాకిట్లోకి వెళ్ళింది. నేను వంటింట్లోకి నడిచాను. స్టవ్ మీద పెద్ద గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళల్లో మైనం గిన్నె. అదే, ఆ చాదస్తం. పక్కన మేకుకి థర్మామీటరు వేలాడుతోంది. దానిమీదా గోళ్ళరంగు గీత, అదే ఎరుపు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ఎనభై.

రెండు థర్మామీటర్లూ పక్కపక్కన పెట్టి చూశాను. చెయ్యి జారితే అంత దూరం జారదు. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

అక్క లోపలికొచ్చింది. నా చేతిలో రెండూ చూసింది. ముందు స్టవ్ ఆపింది. ఎంత కంగారులోనూ మైనం మాడనివ్వదు మా అక్క.

"మద్దెల ఓడే అక్కా," అన్నాను. "ఓడు చేసి ఇచ్చావు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచినవే మళ్ళీ తుడిచింది.

"అది నిన్ను అడిగింది," అంది చివరికి. "నన్ను అడగలేదు."

"దానికింతా?"

"నీకు ఇంతే. దాన్ని ఎత్తుకు తిరిగింది నేను. దాని పళ్ళూడితే దాచింది నేను. ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి చూస్కో. సొంతంగా క్లినిక్ పెట్టుకుంటూ, నీ చేత్తో చేసింది కావాలని నీ దగ్గరికొచ్చింది. ఆరేళ్ళుగా నేను చేస్తున్నది ఇదొక్కటే కదా. అదీ నీ దగ్గరికే పోవాలా?"

జాలి వేయలేదంటే అబద్ధం. కానీ జాలికంటే ముందు కడుపు మండింది. మోసం చేసిన మనిషి కన్నీళ్ళు కూడా మోసపోయినవాళ్ళే తుడవాలా?

"మరి సంచీలో ఆరు ముందే పెట్టుకొచ్చావు," అన్నాను. "నేను ఓడిపోవడం చూడ్డానికి తయారై వచ్చావు."

అక్క మైనం గిన్నెని గట్టుమీదకి దించింది.

అప్పుడు నాకు కేకు గుర్తొచ్చింది. నాకు పన్నెండేళ్ళు. అమ్మకి చెప్పకుండా చేసి పెడదామని అక్కని అడిగితే, పక్కనే నిలబడి నేర్పింది. రెండు నిమిషాలకోసారి మూత తీసి చూడు, లేకపోతే మాడుతుందంది. మూత తీస్తే కుంగుతుందని నాకు తెలిసేసరికి పెళ్ళైంది. అప్పుడు కూడా, పాపం అక్కకీ తెలిసుండదు అనుకున్నాను. స్వెట్టరు చేతులకి కుట్లు లెక్కపెట్టి చెప్పిందీ అక్కే.

"కేకు సంగతి చెప్పు," అన్నాను. "మూత తీయమన్నావు. కావాలనే అన్నావా?"

అనుమానం పెనుభూతం అంటారు. అక్క ఒక్క మాట, "పిచ్చిదానా, అప్పుడు నాకేం తెలుసు" అని ఉంటే, ఆ భూతం అక్కడితో వదిలేది. అది అబద్ధమైనా నేను నమ్మేదాన్ని. అక్క మైనం గిన్నెలో గరిట పెట్టి తిప్పుతూ ఉండిపోయింది. ఆ మైనానికి అప్పుడు తిప్పాల్సిన అవసరం లేదు. ఆ మాత్రం నాకూ వచ్చు.

మొద్దుచెయ్యి అనే పేరు ఎవరు పెట్టారో అడగకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే నీళ్ళగిన్నె పెట్టి, షాపావిడ చెప్పినట్టు ఎనభై దగ్గర నూనె వేసి, కలిపి, దించాను. ఈసారి వంటింట్లో పెద్దగా వాసనే రాలేదు. ఒకే ఒక్క గ్లాసు పోశాను. రెండు వారాలు మగ్గనిచ్చాను. ఆ ముక్క ఒక్కటే అక్క నాకు చెప్పిన నిజం.

ఆ రెండు వారాల్లో అక్క ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. మా ఆయన ఏమైందని అడిగితే పడిశమన్నాను.

బుజ్జి వచ్చేరోజు గ్లాసు ముందుగదిలో వెలిగించి వంటింట్లోకి వెళ్ళాను. తలుపు చప్పుడైంది. చెప్పులు విప్పుతూనే, "పెద్దమ్మ వచ్చిందా?" అని అడిగింది.

"లేదే."

"మరి ఈ వాసన?" గ్లాసు చేతిలోకి తీసుకుని ఊపిరి నిండా పీల్చింది. "అబ్బ, ఎంత బావుందో. పెద్దమ్మ ఇచ్చిందా?"

"నేనే చేశాను."

గ్లాసు తిప్పి తిప్పి చూసింది. నమ్మడానికి దానికి కొంచెం సమయం పట్టింది. నమ్మాక మొహం విప్పారింది, వచ్చి నన్ను పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసినా దొరకనిది దొరికింది. నేను మాత్రం అల్మారా వైపే చూస్తున్నాను. నూట ఇరవై దగ్గర గీత ఉన్న థర్మామీటరు అందులోనే ఉంది. తీసి బల్లమీద పెడితే చాలు, ఒక్క మాట చెప్పక్కర్లేదు. కానీ పెడితే, జడలు వేసిన పెద్దమ్మ దానికి ఉండదు. అక్క నన్ను మోసం చేయడమే కాదు, ఆ మోసాన్ని నాచేతే దాపిస్తోంది.

"మరి ఆరోజు ఎందుకమ్మా వాసన రాలేదు?" అంది బుజ్జి, నా భుజం మీద గడ్డం ఆనించి.

"వేడి ఎక్కువైంది. తెలియక పావుగంట మంటమీదే ఉంచాను."

"అయ్యో. అంత కష్టపడే బదులు ముందే పెద్దమ్మని అడగాల్సింది కదమ్మా."

"అడిగాను," అన్నాను.