నీలం పోయిన తూనీగ

తూనీగల మీద పరిశోధన చేసే జుసారా, తాను కొత్త జాతి అనుకున్న తూనీగకు కాఫీరైతు దోర్వలీనో పేరు పెడతానని మాటిచ్చి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఆయన ఆ సంగతి బేకరీలో చెప్పాడు, మంగలి దగ్గర చెప్పాడు, చర్చిలో ప్రార్థన మధ్య పక్కవాడి చెవిలో కూడా ఊదాడు. బ్రెజిల్‌లోని ఎస్పిరితు శాంతు కొండల్లో ఆయన కాఫీతోట వెనక బండల మీద బ్రొమీలియా మొక్కలు పెరుగుతాయి. వాటి ఆకుల మధ్య నిలిచే గుక్కెడు నీళ్లలోనే ఈ సన్నటి నీలం తూనీగ గుడ్లు పెడుతుంది. దోమలొస్తాయి, ఆ నీళ్లు పారబొయ్యమని ఆరోగ్యశాఖవాళ్లు వస్తే ఆయన గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

పుస్తకాల్లో దీనికి దగ్గర చుట్టం ఒకటుంది. తొంభై ఏళ్ల కిందట ఓ విదేశీయుడు చచ్చిన మగదాన్ని ఒక్కదాన్ని చూసి నాలుగు వాక్యాలు రాశాడు. మగది ఆడదాన్ని పట్టుకునే తోకచివరి కొక్కేలు అచ్చం ఇలాగే లోపలికి వంగి, కొన చీలి ఉంటాయట. కాని ఒళ్లంతా ఇటుకరంగు అన్నాడు. నీలమెక్కడ, ఇటుకరంగెక్కడ! జుసారా దాన్ని పక్కన పెట్టేసింది. కొక్కేలను నమ్మండి, రంగును నమ్మకండి అని విద్యార్థులకు ఏటా చెప్పే మనిషి, తన దాకా వచ్చేసరికి రంగు చూసి మురిసిపోయింది.

ఆదివారం జుసారా దోర్వలీనో వంటింట్లో కూర్చుని తన పాత సంచీ దులుపుతుంటే ఓ కాగితం పొట్లం రాలింది. అందులో ఉన్నది, రంగు నిలవడానికి ఎసిటోన్ ద్రవంలో నానబెట్టాల్సి ఉండగా ఆమె మరిచిపోయిన మగతూనీగ. విప్పి చూస్తే ఇటుకరంగు.

"ఏంటి డాక్టరమ్మా, మొహం అలా వేలాడేశావ్? కాఫీలో చక్కెర తక్కువైందా?"

"ఇది కొత్త జాతి కాదు బాబాయ్. ఎండితే ఈ రంగుకొస్తుంది. ఆ పాతాయన చూసింది దీన్నే. పేరు ఎప్పుడో పెట్టేశాడు. నీ పేరు పెట్టలేను."

మొక్కజొన్న కేకు ముక్క దోర్వలీనో చేతిలోనే ఉండిపోయింది.

"బేకరీలో నన్ను ఉతికి ఆరేస్తారు," అన్నాడు చివరికి. "అవునూ, ఆ పెద్దమనిషి ఇది ఎగురుతుంటే చూశాడా?"

"లేదు. ఆడదాన్నయితే ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నువ్వు కాఫీజల్లెడ అడ్డం పెట్టి జంటను పట్టుకున్నావే, ఆ ఆడదే మొదటిది. నేను రాయబోయేది ఇక దాని గురించే."

"మరి ఆ ముక్క ముందు చెప్పవేం! ఏడుపుమొహం పెట్టి నా ప్రాణం తీశావు కదమ్మా!"

ఆయన పగలబడి నవ్వాడు. జుసారాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. సంచీలోంచి వేలెడంత చీటీలు కొన్ని, సన్న కలం తీసి ఆయన ముందుంచింది. భద్రపరిచిన ఆ ఆడతూనీగ ఎన్నేళ్లుంటే అన్నేళ్లు, రాసిన చీటీ దాని పక్కనే ఉంటుంది.

"పట్టిందెవరు, ఎక్కడ, ఎప్పుడు. నీ చేత్తోనే రాయి బాబాయ్."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, నాలుక పళ్ల మధ్య బిగబట్టి, మూడు చీటీలు పాడుచేసి నాలుగోది పూర్తిచేశాడు. పేరుంది, కాఫీతోట వెనక బండ ఉంది, తేదీ ఉంది. జుసారా చెయ్యి చాస్తే ఇవ్వలేదు.

"ఆగమ్మా, ఇంకోటుంది. తర్వాత వచ్చేవాళ్లు నీలాగ తికమక పడకూడదు కదా."

తేదీ కింద మిగిలిన చోట్లో ఆయన ఇంకా చిన్న అక్షరాలతో రాశాడు: బతికుండగా నీలం.